బాక్సర్ కుక్కపిల్ల మీదికి ఎగురుతుంటే ముందు మీ చేతులు దాచుకోండి

“రెండున్నర నెలల బాక్సర్ పిల్లను తెచ్చుకున్నం. అందరి మీదికి ఎగురుతుంది, చేతులు కొరుకుతుంది. ట్రైనర్ దగ్గర నెల రోజులు వదిలిపెట్టాల్నా, ఇంట్లనే నేర్పుకోవచ్చా?” అని అడిగిండ్రు. ఇంట్లనే నేర్పుకోండి. అక్కడ వదిలితే అది ట్రైనర్ మాట వింటది గానీ మీ మాట వినదు. మా గల్లీల ఒకాయన మంచిగ పైసలు కట్టి తన లాబ్రడార్‌ను అట్లనే పంపిండు. తిరిగొచ్చినంక వచ్చినోళ్లందరికీ షేక్‌హ్యాండ్ ఇస్తది. గేటు తీస్తే మాత్రం చౌరస్తా దాకా ఒకటే ఉరుకుడు.

మాది హన్మకొండ. మా బాక్సర్ పేరు గుండు. వాన్ని తెచ్చినప్పుడు ఇంట్ల ఎవరి పద్ధతి వాళ్లది. మా ఆయన “సిట్” అంటడు, పిల్లలు “కూర్చో” అంటరు, ఎగిరితే అందరూ రెండు చేతులతోటి నెడతరు. బాక్సర్ అంటేనే ముందుకాళ్లతోటి ఆడే జాతి. నెడితే వద్దంటున్నరని దానికి సమజ్ కాదు, ఆటకు పిలిచిండ్రనుకుంటది. అరిస్తే ఇంకా ఖుషీ.

సద్దుల బతుకమ్మ రోజు చెప్తా వినుండి. హాల్లో చాప పరిచి తంగేడు, గునుగు కుప్పలు పోసుకొని కూసున్నం. పక్కన గిన్నెల్ల గునుగుకు అద్దే రంగులు. గుండు వచ్చి నా చిన్నబిడ్డ మీదికి ఎగిరిండు, అది నెట్టింది, వాడు మళ్ల ఎగిరిండు, గులాబీ రంగు గిన్నె బోర్ల పడ్డది. ఛాతీ మీది తెల్లమచ్చ, మూతి, ముందుకాళ్లు అన్నీ గులాబీ. అదే కాళ్లతోటి పూలమీద ఇటు నుంచి అటు ఉరికిండు. అందరం ఒక్కసారి మొత్తుకున్నం. మా అత్తమ్మ తప్ప.

ఆమెకు అప్పటికే స్నానం అయింది, గౌరమ్మను చెయ్యాలె, కుక్క తగలొద్దు. కొంగుల రెండు చేతులు చుట్టుకొని, మొఖం గోడ దిక్కు తిప్పుకొని నిలబడ్డది. ఒక్క మాట లేదు. వాడు చీర కుచ్చిళ్ల మీదికి ఒకసారి ఎగిరిండు, ఇంకోసారి ఎగిరిండు, ఆమె కదల్లే. వాడు తల పక్కకు వంచి చూసి, పిర్రలు నేలకానించి కూసున్నడు. అప్పుడు అత్తమ్మ గోడనే చూసుకుంట, “ఆఁ, గట్ల కూసో. అగో బిడ్డా, వానికి రెండు పుట్నాలెయ్యి” అన్నది. ట్రైనర్ ఫీజు మాకు అక్కడ్నే మిగిలింది. ఆ రోజు నుంచి ఇంట్ల అందరికీ “కూసో” ఒక్కటే మాట. సిట్ బంద్.

నేను చెప్పేది ఇదే. ఎగిరితే చేతులు లోపలికి, మొఖం పక్కకు, నోరు బంద్. నాలుగు కాళ్లు నేల మీద పెట్టిన క్షణమే మెచ్చుకోండి, ఏదన్నా చిన్న ముక్క పెట్టండి. మీ చేతికి దాని పండ్లు తగిలితే ఆట ఆపి లేచిపోండి. ఆరు నెలలు దాటేదాకా కొత్త పండ్ల దురద ఉంటది కాబట్టి నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇయ్యండి, పాత చెప్పు ఇయ్యకండి. పాత చెప్పుకు, మామయ్య కొత్త చెప్పుకు తేడా దానికేం తెలుసు?

తల్లి దగ్గర నుంచి తొందరగ గుంజుకొచ్చిన పిల్లలకు కొరుకుడు ఎక్కువుండొచ్చు. కొరికితే నొప్పి అయితదని పిల్లకు నేర్పేది తల్లి, తోబుట్టువులే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దని 2017 నుంచి రూల్ ఉంది. అయినా “చిన్నగున్నప్పుడే మచ్చికైతది మేడం” అని కండ్లు సరిగ తెరవని పిల్లల్ని అట్టపెట్టెల పెట్టి అమ్ముతరు. కొనేటోళ్లు కూడ ముద్దుగున్నదని కొంటరు.

ఒంటేలు సంగతి పెద్ద కథ కాదు. నిద్ర లేవంగనే, తినంగనే, ఆడంగనే ఒక్క జాగకే తీస్కపోండి, పోసిన వెంటనే అక్కడ్నే మెచ్చుకోండి. ముక్కు పట్టి రుద్దితే ఏం నేర్వదు, మీకు కనబడకుండ సోఫా వెనక పోస్తది.

టీకాల కోర్సు అయ్యేదాకా గల్లీల కింద దించకండి, పార్వో అనే వైరస్ రోగం మస్తు పాడుది. అట్లని ఇంట్ల మూసిపెట్టకండి. మేం గుండును ఒళ్ల పెట్టుకొని స్కూటీ మీద వడ్డేపల్లి చెరువు కట్ట దాకా తిప్పినం, ఆటోల హారన్లు, జనం అన్నీ చూపించినం. ఇగ ఎండ. బాక్సర్‌కు మూతి పొట్టి, ఎండల ఊపిరి సరిగ ఆడదు. మన దగ్గర ఎండకాలం నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు కొడ్తది. నేర్పుడు, తిప్పుడు అన్నీ పొద్దు పొడవక ముందే. సీసీ రోడ్డు మీద అరచెయ్యి పెట్టి వేడికి ఉంచలేకపోతే కుక్కను నడిపియ్యకండి.

రెండు, మూడేండ్లు వచ్చేదాకా బాక్సర్ పిల్లచేష్టలు పోవు, దానికి మనసు తయారుచేసుకోండి. కానీ అసలు కష్టం చుట్టాలతోటి. “ఏం కాదు వదినా, నాకు కుక్కలంటే ఇష్టమే” అని మీదికి ఎక్కించుకుంటరు, మనం చేసిందంతా పాయె. మా ఆడబిడ్డ కొడుకు వచ్చినప్పుడు గుండును కట్టేసుడు మానేసినం. చేతులు జేబుల పెట్టుకునేదాకా పిలగాన్నే గేటు బయట నిలబెడ్తున్నం.