ఇల్లు చూడకముందే ఆధార్ పంపేస్తున్నారు

ప్రశ్న: వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి. కాకినాడ నుంచే యాప్‌లో ఇల్లు వెతుకుతుంటే కొండాపూర్‌లో టూ బీహెచ్‌కే కనిపించింది. అద్దె 16 వేలే, ‘వెరిఫైడ్’ అని పచ్చ టిక్కు కూడా ఉంది. ఓనర్ ఆర్మీలో చేస్తారట, పోస్టింగ్ జమ్మూలో. తన ఆర్మీ కార్డు, ఆధార్ వాట్సాప్‌లో పంపి నావీ అడిగితే ఆధార్ రెండు వైపులా, పాన్ కూడా పంపాను. ఇప్పుడు ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కి 5 వేలు కట్టమంటున్నారు, అద్దెలో తగ్గిస్తారట. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దండి. నంబరు బ్లాక్ చేసే ముందు చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఆ ప్రకటనని యాప్‌లో రిపోర్ట్ కొట్టండి. ఏరియా పేరు, అద్దె మారతాయి గానీ ఇదే కథతో నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఆర్మీ కార్డు మాత్రం మారదు. గేటెడ్ కమ్యూనిటీలో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకుంటారు, ఓనర్‌ని అడిగి లోపలికి పంపుతారు, అంతే. ఈ 5 వేలు కట్టినా అక్కడితో ఆగదు, వాపసు ఇస్తామని క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని మీకు తెలిసే ఉంటుంది, దాన్ని వదిలేద్దాం.

నాకు అసలు భయం మీరు పంపిన కార్డుల గురించి. మీకొచ్చిన ఆ ఆర్మీ కార్డు, ఆధార్ ఎవరో అమాయకుడివి అయ్యుండొచ్చు, ఆయన కూడా ఇల్లు కోసమో, బండి అమ్మడానికో ఎవరికో పంపినవే కావచ్చు. రేపు మీ ఆధార్, పాన్ చూపించి ఇంకో ఊళ్లో ఇంకొకరిని ఇలాగే నమ్మిస్తారు, మోసపోయినవాళ్ల ఫిర్యాదులో మీ పేరుంటుంది. ఆధార్ కాపీ ఒక్కటే ఉంటే బ్యాంకు నుంచి డబ్బు లాగలేరు, ఆ టెన్షన్ వద్దు. కానీ మీ పేరు మీద సిమ్‌లు తీసుకోవడానికి, లోన్ యాప్‌లలో ప్రయత్నించడానికి అది పనికొస్తుంది. అందుకే ఈ రోజే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో మీ పేరున ఎన్ని ఫోన్ కనెక్షన్లు ఉన్నాయో చూడండి, ఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూపించే అథెంటికేషన్ హిస్టరీ ఒకసారి తిరగేయండి, క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికి ఒకటి ఉచితమే కాబట్టి తీసి తెలియని అప్పులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఇకపై ఎవరికి ఇచ్చినా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. 2022 మేలో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ బెంగళూరు ఆఫీసు ఆధార్ జిరాక్స్‌లు ఎవరికీ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి అని ప్రకటన ఇస్తే, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. జనానికి అర్థమయ్యేలా మళ్లీ చెప్పాల్సింది, ఆపేయడం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

ఇక ఆ పచ్చ టిక్కు. ఇలాంటి యాప్‌లలో చాలాసార్లు దానర్థం ఓటీపీతో ఫోన్ నంబరు సరిచూశారనే, ఇల్లు ఎవరిదో ఎవరూ చూసి ఉండరు. చూసేవాడికి మాత్రం ఇల్లే సరిచూసినట్టు కనిపిస్తుంది. ఏం సరిచూశారో టిక్కు పక్కనే రెండు ముక్కలు రాయడానికి ఏం కష్టం? మన ఫోన్ నంబరు, కాంటాక్ట్స్, లొకేషన్ అన్నీ ఇస్తే గానీ ఫొటోలు చూపించని యాప్‌లు, ఇల్లు పెట్టేవాడిని ఆస్తిపన్ను రసీదు ఒక్కటి అడగలేవా? అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రంగులు మారుస్తారు, ఇది మాత్రం మార్చరు.

వాళ్లు అడగరు కాబట్టి మీరే అడగాలి. ఆస్తిపన్ను రసీదు మీద పీటీఐఎన్ అని ఆ ఇంటి పన్ను నంబరు ఉంటుంది, అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ సైట్‌లో కొట్టి ఎవరి పేరున ఉందో చూడండి. ప్రకటనలోని ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే హాలు, అదే సోఫా వేరే ఊరి ప్రకటనలో దొరకొచ్చు. యూపీఐలో డబ్బు పంపే ముందు బ్యాంకులో ఉన్న అసలు పేరు కనిపించాలని 2025లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది, ఆ పేరూ అగ్రిమెంట్‌లో పేరూ కలవకపోతే అక్కడే ఆగండి. నన్నడిగితే ముందు ఒక వారం హాస్టల్‌లో దిగండి, సాయంత్రాలు కొండాపూర్, హఫీజ్‌పేట వీధుల్లో తిరిగి టు-లెట్ బోర్డులు చూడండి, వాచ్‌మన్‌తో మాట్లాడండి, ఇల్లు చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇది చదివేలోపే ఎవరైనా డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతా నుంచి ఇంకో ఖాతాకి వెళ్లకముందే ఆపగలిగితే దొరికే అవకాశం ఉంటుంది, రేపు చేద్దాంలే అనుకుంటే అది కూడా పోతుంది.