బిగుసుకుపోయిన ఇరుసు, తండ్రి తొందర

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌ (సీఎస్ఈ)లో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) తీసుకోమంటే మెకానికల్ కావాలంటున్నాడు. మొన్న నా పాత బైకు వెనక చక్రం ఇరుసు ఊడి రాకపోతే, నూనె చుక్కలు వేస్తూ, పానాతో అటూ ఇటూ తిప్పుతూ రెండు రోజులు దాని ముందే కూర్చున్నాడు. విసుగొచ్చి నేనే సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను, అయినా రాలేదు. చివరికి మెకానిక్‌గా మిగిలిపోతాడేమో. ఏ బ్రాంచి మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా, మీ భయమంతా ‘మెకానిక్’ అనే మాట దగ్గరే ఉంది. ముందుగా ఆ రెండు రోజుల సంగతి చూద్దాం. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో, ఏళ్ల తరబడి గ్రీజు ఎరుగని ఇరుసు బేరింగుల లోపలి గొట్టంతో తుప్పు పట్టి ఏకమైపోతుంది. చెయిన్ అడ్జస్టర్లు వదులు చేసి, చక్రం బరువు ఇరుసు మీద పడకుండా కింద చెక్క పెట్టి, నూనె లోపలికి ఇంకేదాకా ఆగి, కొట్టేముందు తిప్పి చూడడమే సరైన పద్ధతి. మీవాడు చేసింది దాదాపు అదే. నట్టు తీసేశాక మరలున్న ఇరుసు కొస మీద నేరుగా సుత్తి వేస్తే అంచు పుట్టగొడుగులా విచ్చుకుని, వదులై వచ్చే ఇరుసు కూడా రంధ్రంలోంచి రాదు. ఆ పని చేసింది మీరు. వాడి చదువు విషయంలోనూ మీరు ఎత్తింది ఆ సుత్తినేనని కటువుగానే చెబుతున్నాను.

ఏఐ-ఎంఎల్ మీద నా అనుమానాలు దాచుకోను. అందులో రాణించాలంటే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా అంటే నిజమైన ఇష్టం ఉండాలి. అది లేకుండా బ్రాంచి పేరు చూసి చేరిన పిల్లలు మూడో ఏట నా ఎదుట కూర్చుని, “సార్, ఇప్పుడు మారడానికి వీలుందా?” అని అడుగుతుంటారు, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. కొన్ని కాలేజీలలో బ్రాంచి పేరు మారినంత వేగంగా అధ్యాపకులూ, ల్యాబులూ మారలేదు. మీవాడు గణితాన్ని ప్రేమించేవాడైతే నా మాట పక్కన పెట్టండి, కానీ మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

ఇక పోలిక: మెకానికల్‌లో క్యాంపస్ అవకాశాలు తక్కువ, మొదటి జీతమూ సాధారణంగా తక్కువే. అయితే సత్యవేడు దగ్గర హీరో, పెనుకొండ దగ్గర కియా కర్మాగారాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే వాహన కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాక మామూలు బైకుల్లోకి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటరు వచ్చాయి కాబట్టి, మెకానికల్ చదువుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాడు ఏ దారికీ దూరం కాడు. మెకానిక్‌గా మిగిలిపోతాడన్న బెంగ వదిలేసి, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కాలేజీల వర్క్‌షాపులు ఒకసారి ఇద్దరూ వెళ్లి చూసి రండి.

విచ్చుకున్న అంచును ఆకురాయితో అరగదీశాకే ఆ ఇరుసు బయటికి వస్తుంది. ఆ పని వాడికే వదిలేయండి. మర చెడింది కాబట్టి కొత్త ఇరుసు కొనక తప్పదు, దాని ఖర్చు మాత్రం మీదే.