పట్టికలు పెట్టబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు మీ యాప్‌లోని మార్క్‌డౌన్ (*, #, | లాంటి గుర్తులతో రాసే పద్ధతి) నోట్సులో పట్టికలు కావాలంటున్నారని, అక్షరాల నమూనాని వెతికే ఒక్క రెగెక్స్‌తో అయిపోతుందని మీ మేనేజరుకి మాటిచ్చేశానని రాశావు. ఆ ఒక్క రెగెక్స్ దగ్గరే నాకు భయమేసింది.

మీరు బయటి లైబ్రరీ వాడుతుంటే ఇంత చెప్పేవాణ్ని కాదు. మార్క్‌డౌన్-ఇట్‌లో పట్టికలు డిఫాల్ట్‌గానే పనిచేస్తాయి. మీ సీనియర్లు సొంత పార్సర్ (ఆ గుర్తుల్ని చదివి పేజీగా మార్చే కోడ్) రాసిపెట్టారు కాబట్టి నీకు తప్పడం లేదు. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో పట్టికలే లేవు. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చేర్చుకున్నారు. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ 2017లో తన పద్ధతికి స్పెసిఫికేషన్ రాసి పెట్టింది. ఆ నియమాలే పాటించు, కొత్తవి కనిపెట్టకు.

పట్టిక గీయడానికి గంట చాలు. ఏది పట్టిక కాదో తేల్చడమే అసలు పని. ఆ వ్యాపారులు ఇన్నాళ్లుగా "తేజ | 40 టిక్కీలు | ఏసీలో" (టిక్కీ అంటే మిర్చి బస్తా, ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ) అని నిలువు గీతలు కొట్టి రాసుకునే ఉంటారు. దాని కింద ఎవరైనా --- పెట్టి ఉంటే ఇవాళ్టిదాకా మార్క్‌డౌన్ లెక్కన అది హెడింగ్‌. రేపు పొద్దున్న అదే పట్టికైపోతే గుంటూరు నుంచి ఫోన్ నీకే వస్తుంది. అందుకే పై వరుసలో ఎన్ని గడులుంటే కింది గీతల వరుసలోనూ అన్నే ఉండాలని నియమం. పైన మూడు, కింద ఒకటి ఉంటే అది పట్టిక కాదు, పాత హెడింగే. ఈ రెండు వరుసలూ చూడకుండా ఏ నిర్ణయానికీ రాకు.

| రకం | టిక్కీలు | స్థితి |
|:---|---:|---|
| తేజ | 40 | ఏసీలో |
| 334 | 25 |

పట్టిక అని తేలాక మాత్రం ఉదారంగా ఉండు. చివరి వరుసలో ఒక గడి తక్కువైంది చూశావా? దాన్ని ఖాళీగా నింపాలి. ఎక్కువైతే వదిలేయాలి. ఖాళీ లైన్ వచ్చినా, హెడింగ్ లాంటి వేరే బ్లాక్ మొదలైనా పట్టిక అక్కడితో సరి.

వరుసని గడులుగా విడగొట్టడానికి స్ప్లిట్ (గీత కనిపించిన ప్రతిచోటా ముక్క చేసే ఫంక్షన్) వాడావో, వెనక స్లాష్ (\) పెట్టి మామూలు అక్షరంగా రాసిన గీత దగ్గర దొరికిపోతావు. ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లు. కోడ్ గుర్తుల (`) మధ్య ఉన్న గీత కూడా గడిని విడగొడుతుంది, అక్కడా స్లాష్ ఉండాల్సిందే. వింతగా అనిపించినా స్పెసిఫికేషన్ అంతే. ముందు గడులు, ఆ తర్వాతే లోపలి బోల్డ్, లింకులు. ఈ వరస తిరగేశావంటే మళ్లీ మొదటికొస్తుంది.

మనవాళ్ల ఫోన్ల సంగతి గిట్‌హబ్ వాళ్లు రాయలేదు, నేను చెప్తాను. కొన్ని ఫోన్లలో రెండు చిన్న గీతలు కొడితే కీబోర్డే వాటిని ఒక పొడుగు గీతగా మార్చేస్తుంది, అంతటితో పట్టిక గల్లంతు. కొన్ని తెలుగు కీబోర్డుల్లో పద్యాలకు వాడే దండం "।" ఉంటుంది, చూడ్డానికి అచ్చం నిలువు గీతే. వీటిని గుట్టుచప్పుడు కాకుండా నువ్వే మార్చేయకు, దండం నిజంగానే కావాల్సినవాళ్లూ ఉంటారు. ప్రివ్యూలో చిన్న సూచన చూపించు. ఇంకోటి, గడి చివర్ల ఖాళీలు తీసేటప్పుడు కనిపించని అక్షరాలన్నీ ఊడ్చేసే రెగెక్స్ రాయకు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో "ట్" పక్కన కనిపించని అక్షరం ఒకటుంది. అది పోతే "వ" కాస్తా కిందికి ఒత్తుగా దిగిపోయి "సాఫ్ట్వేర్" అవుతుంది.

గడిలో ఏది రాసినా అది కూడా యూజర్ రాసిందే. తయారైన హెచ్‌టీఎమ్‌ఎల్ మీ సానిటైజర్ (ప్రమాదకరమైన కోడ్ తీసేసే జల్లెడ) గుండానే వెళ్లాలి. పట్టిక ట్యాగులు అందులో అనుమతించావో లేదో చూసుకో. గీతల వరుసలోని : గుర్తులు చెప్పే కుడి ఎడమలకి స్టైల్ వాడితే సానిటైజర్ పీకేసే అవకాశం ఉంది, క్లాసులే నయం. వెడల్పాటి పట్టికని అడ్డంగా స్క్రోల్ అయ్యే డబ్బాలో పెట్టు, యార్డులో అందరూ చూసేది ఫోన్లోనే.

మాటిచ్చిన తేదీ గురించి టెన్షన్ పడకు, ఒక రోజు అదనంగా అడుగు. ఆ రోజు డేటాబేస్‌లో ఉన్న పాత నోట్సులన్నిటినీ పాత పార్సర్‌తో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి నడిపి తేడాలు తీయి. తేడా వచ్చిన ప్రతి నోటూ కళ్లారా చూడు. కావాలని రాసిన పట్టికలు తప్ప ఇంకేదైనా మారిందంటే రిలీజ్ ఆపేయి. ఆ తేడాల ఫైలు నాకూ పంపు, రాత్రి భోజనాలయ్యాక చూస్తాను.

మామయ్య