ఆటుపోట్ల అళివి నిర్వహణకు ఆవరణ వ్యవస్థ సేవల మదింపు నిజంగా పనికొస్తుందా?

ఒక అళివికి, అంటే నది సముద్రంలో కలిసే చోటుకు, నిర్వహణ ప్రణాళిక రాసే బృందంలో కొత్తగా చేరారనీ, ఆవరణ వ్యవస్థ సేవల (ప్రకృతి మనుషులకు ఇచ్చే ప్రయోజనాల) మదింపును మీకు అప్పగించారనీ రాశారు. అది నిర్ణయాలకు పనికొస్తుందా, లేక నివేదికలో ఒక అధ్యాయంగా మిగిలిపోతుందా అన్నది మీ ప్రశ్న. ఇటువంటి పనిలో నేను కొన్నేళ్లు ఉన్నాను. మొదటిసారి మేము చేసినది అధ్యాయంగానే మిగిలిపోయింది. అది ఎందుకలా అయిందో చెబితే మీకు ఉపయోగపడవచ్చు.

అప్పుడు మేము పటం పరిచి మడ అడవి, బురద మేట, లోతు తక్కువ నీరు, ఓడల కాలువ అంటూ విస్తీర్ణాలు కొలిచాము. ప్రచురితమైన విలువలను హెక్టారుకు ఇంత చొప్పున తీసుకుని గుణించి, అన్నిటినీ కూడి ఒక పెద్ద మొత్తం తేల్చాము. ఈ దారి వేసినది 1997లో నేచర్ పత్రికలో వచ్చిన రాబర్ట్ కోస్టాంజా బృందం వ్యాసం. ఆ బృందం 16 రకాల ఆవరణాల్లో 17 సేవలకు వెల కట్టి, ప్రపంచం మొత్తానికి ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని లెక్క వేసింది. అందులో నదీముఖాలకు హెక్టారుకు 22,832 డాలర్లు వచ్చాయి. ప్రపంచం కళ్లు తెరిపించడానికి ఆ సంఖ్య సరిపోయింది. ఒక కరకట్టను ఎంత వెనక్కి జరపాలో దానినే అడగడం మాత్రం మా తప్పు. సమావేశంలో పూడికతీత పనులు చూసే ఇంజినీరు ఒకరు మా పట్టిక చివరి వరుస చూపించి, "ఈ మొత్తం రెట్టింపైతే నేను ఎక్కడ తవ్వడం ఆపాలి?" అని అడిగారు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

రెండోసారి నిర్ణయాల నుంచి మొదలుపెట్టాము. రాబోయే పదేళ్లలో ఆ అళివి గురించి నిజంగా తేల్చవలసినవి మూడే కనిపించాయి: కాలువను ఇంకా లోతు చేయాలా, తవ్వి తీసిన ఒండ్రును ఎక్కడ వేయాలి, ఏ కట్ట వెనక నేలను మళ్లీ పోటునీటికి వదలాలి. ఒక్కొక్క నిర్ణయం వల్ల ఏ సేవ పెరుగుతుంది, ఏది తగ్గుతుంది, ఎవరికి అన్న మూడు ప్రశ్నలకే పట్టిక పరిమితం చేశాము. దాంతో మొదటి జాబితాలోని సేవల్లో సగానికి పైగా వాటంతట అవే పక్కకు తప్పుకున్నాయి.

నిర్ణయాల నుంచి మొదలుపెట్టమన్నది మొదటి సలహా అయితే, అళివిని ఒకే ముద్దగా చూడవద్దన్నది రెండోది. ఉత్తర సముద్రంలో కలిసే ఎల్బ, వేజర్, షెల్ట్, హంబర్ నదీముఖాల మీద జరిగిన టైడ్ ప్రాజెక్టు ఉప్పదనాన్ని బట్టి అళివిని మండలాలుగా విడదీసి, ఒక్కో మండలంలో ఒక్కో ఆవాసం ఏ సేవను ఎంత ఇస్తుందో నిపుణుల చేత అంచనా వేయించింది. మేమూ 1 నుంచి 5 వరకు మార్కులతో అదే దారి పట్టాము. ఆ మార్కులు బల్ల దగ్గర కూర్చుని వేస్తే మాత్రం గాలిలో మేడలే. పాటు సమయంలో బురదలోకి దిగి ఒక పారదర్శకమైన గొట్టాన్ని గుచ్చి పైకి తీయండి. పైన కొన్ని మిల్లీమీటర్ల గోధుమరంగు పొర, దాని కింద కుళ్లిన గుడ్ల వాసన వేసే నల్లటి బురద కనిపిస్తాయి. ప్రాణవాయువు ఉన్న చోటికీ లేని చోటికీ మధ్యనున్న ఆ సన్నని సరిహద్దులోనే సూక్ష్మజీవులు నీటిలోని నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి; నీటిని శుద్ధి చేసే సేవ ఇలా అందుతుంది. ఇసుక మేటలో అదే గొట్టం గుచ్చితే ఇంత చిక్కటి నల్లపొర తరచుగా కనిపించదు. మా బృందంలో ఒకరు మోకాలి లోతున కూరుకుపోయి ఒక బూటు అక్కడే వదిలేసి వచ్చారు గాని, ఆ రోజు తరువాత "బురద మేట" అన్న గడిలో ఎవరూ ఆలోచించకుండా 3 వేయలేదు.

ఒకే విస్తీర్ణం అన్ని చోట్లా ఒకే ఫలితం ఇవ్వదని షెల్ట్ నది బాగా చూపిస్తుంది. 1976 తుఫాను వరద తరువాత బెల్జియంలో వరద రక్షణ కోసం సిగ్మా ప్రణాళిక వచ్చింది. దానికింద క్రైబెక దగ్గర సుమారు 600 హెక్టార్ల నేలను తుఫాను ఉప్పెన నీటిని మళ్లించే చోటుగా సిద్ధం చేశారు. అందులో కొంత భాగానికి రోజూ తగ్గించిన మోతాదులో పోటునీరు అందుతుంది: ఎత్తులో ఉన్న తూము గుండా నీరు లోపలికి వస్తుంది, కింది తూము గుండా పాటులో బయటికి పోతుంది. తూము ఎత్తులో ఉండడం వల్ల అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఎక్కువ నీరూ, అష్టమి పోట్లకు తక్కువ నీరూ చేరి, సహజమైన హెచ్చుతగ్గులు నిలుస్తాయి. 2006లో లిప్పెన్‌బ్రూక్ అనే, కట్టలు చుట్టిన చిన్న నేలలో ఈ పద్ధతిని ముందుగా ప్రయోగించి చూశారు. వరద రక్షణ, నీటి శుద్ధి, పక్షుల ఆవాసం ఒకే నేల మీద ఎలా కుదురుతాయో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే వాడతాను.

అన్నీ ఇలా కుదరవు. కట్ట తెరిచిన నేలలో ఒండ్రు చేరి మట్టం పెరుగుతూ ఉంటుంది. కర్బనం నిల్వ చూసేవారికి అది లాభం, వరద నీటికి చోటు చూసేవారికి ఏటేటా నష్టం. ఒకే మేట రెండు లెక్కల్లో రెండు గుర్తులతో పడుతుంది కనుక, మార్కును ఈ రోజుకు ఒకటి, ఇరవై ఏళ్ల తరువాతకు ఒకటిగా వేయండి. మా పట్టికలో ఈ ఒక్క మార్పుతోనే చర్చ తీరు మారిపోయింది.

వెల కట్టడాన్ని నేను పూర్తిగా మానమనడం లేదు. ఐక్యరాజ్యసమితి చొరవతో జరిగిన 2005 నాటి మిలీనియం మదింపు సేవలను సమకూర్చేవి, నియంత్రించేవి, సాంస్కృతికమైనవి, తోడ్పడేవి అని నాలుగు రకాలుగా చెప్పింది. తోడ్పడే సేవల (నేల ఏర్పడడం వంటివాటి) ఫలితం మిగతా వాటిలో అప్పటికే చేరిపోయి ఉంటుంది కనుక వాటినీ కూడితే ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. ఓడల రాకపోకలను కూడా సేవల జాబితాలో చేర్చేవారున్నారు. నాకు మాత్రం అది మింగుడు పడదు. సహజమైన లోతు వరకూ ప్రకృతి ఇచ్చినదే, ఆపైన తవ్వి నిలబెట్టే లోతు మనుషుల ఖర్చు. పైగా హాంబుర్గ్ దగ్గర ఎల్బ నదిలో కాలువను దశలవారీగా లోతు చేయడం, పక్కల లోతు తక్కువ నీటిని పూడ్చడం వల్ల పోటుకూ పాటుకూ మధ్య తేడా గత శతాబ్దంలో ఎంతో పెరిగింది. అది ఒండ్రును ఎగువకు తోయడంతో పూడికతీత ఇంకా పెరిగింది. ఆ ఖర్చును మీ పట్టికలో తప్పకుండా చూపించండి.

చివరిగా, మార్కు పక్కన ఎవరికి అన్న గడిని ఖాళీగా వదలకండి. దిగువన ఊరు ఉన్న మేట, ఎవరూ లేని మేట ఒకే మార్కు తెచ్చుకున్నా ఒకటి కావు. ఆధారం బలహీనంగా ఉన్న చోట అంకె వేయకుండా గీత పెట్టి వదిలేయండి. మేము అలా వదిలిన గీతలే తరువాతి ఏడాది కొలతలు ఎక్కడ తీయాలో నిర్ణయించాయి.