తేనెటీగలకు బెల్లం పాకం పెట్టవచ్చా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుండి అమెరికాలోని మిన్నెసోటాకు వచ్చి, ఇంటి వెనుక తేనె పెట్టెలు పెట్టుకున్న మనవాళ్లు చలికాలం దగ్గర పడగానే అడిగే సందేహం ఒకటుంది: ఊరి నుండి తెచ్చుకున్న చిత్తూరు బెల్లంతో పాకం కాచి ఈగలకు పెట్టవచ్చా? పెట్టకూడదు. మంచు కురిసే నెలల్లో ఈగ పెట్టెలో మలవిసర్జన చేయదు. గాలి కాస్త వేడెక్కి, బయటికి ఎగరగలిగే రోజు వచ్చేదాకా కడుపులోనే బిగపట్టుకుంటుంది. బెల్లంలోని ఖనిజాలు, అరగని పదార్థాలు పేగులో పేరుకుపోతే విరేచనాలు పట్టుకుని, పెట్టెలో తేనెపట్టు కట్టే చట్రాలన్నీ మరకలై, గుంపు క్షీణిస్తుంది. తెల్ల పంచదార రెండు పాళ్లు, నీరు ఒక పాలు కలిపిన చిక్కని పాకమే పెట్టండి. అదీ సెప్టెంబరులోనే ముగించాలి; చలి ముదిరిన తరువాత ఈగలు పాకం ముట్టవు, ముట్టినా అందులోని నీటిని ఇగిర్చి నిల్వ చేసుకోలేవు. దుకాణంలో కొన్న తేనె కూడా వద్దు, అందులో పిల్ల ఈగలను చంపే ఫౌల్‌బ్రూడ్ రోగపు బీజాలు ఉండవచ్చు.

మన వైపు జనవరి వచ్చేసరికి మామిడితోటలు పూత మీద ఉంటాయి. ఇక్కడ నవంబరు నుండి మార్చి దాకా ఈగకు పువ్వన్నదే దొరకదు కనుక, ఒక్కొక్క గుంపుకు సుమారు 35 నుండి 40 కిలోల తేనె వదిలిపెట్టి, మిగిలినదే మనం తీసుకోవాలి.

తిండి నిండుగా ఉన్న గుంపులు కూడా చనిపోవడానికి ముఖ్య కారణం ఈగల ఒంటికి పట్టి పీడించే వరోవా అనే చిన్న నల్లి. మన దేశవాళీ ఈగ తరతరాలుగా ఈ నల్లితో కలిసి బతికి తట్టుకోవడం నేర్చుకుంది; ఇక్కడ పెంచే యూరోపు జాతి ఈగకు ఆ శక్తి లేదు. అందుచేత ఊళ్లో ఈగలను పెంచిన అనుభవం ఉన్నవారే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి. ఆగస్టులో, రాణి ఈగ లేని చట్రం చూసుకుని, పిల్లలున్న చోటి నుండి అర కప్పు ఈగలను, అంటే సుమారు 300, సీసాలోకి దులిపి, ఆల్కహాలు పోసి కుదిపి వడగట్టండి. అడుగున ఎర్రటి చుక్కల్లాంటి నల్లులు తొమ్మిదికి చేరితే వెంటనే మందు వేయాలి. వేసవి ఈగ ఆరు వారాలు బతికితే, శరత్కాలంలో పుట్టే ఈగ వసంతం దాకా నాలుగైదు నెలలు బతకాలి. అది పిల్లగా ఉన్నప్పుడే నల్లి పడితే అంత ఆయుష్షు ఉండదు.

ఇక చలి సంగతి. సుమారు 14 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే ఈగలు ముద్దగా చేరి, రెక్కల కండరాలను వణికించి వేడి పుట్టించుకుంటాయి. వాటిని చలి కంటే తడి ఎక్కువగా చంపుతుంది: ముద్ద నుండి లేచే వేడి ఆవిరి చల్లని మూతకు తగిలి నీటి బొట్లుగా మారి ముద్ద మీదే కురుస్తుంది. కనుక లోపలి మూతపై మందమైన ఇన్సులేషన్ పలక వేసి, పైభాగంలో చిన్న రంధ్రం ఉంచి, పెట్టెను కొద్దిగా ముందుకు వంచండి. ఎలుకలు దూరకుండా ద్వారానికి జాలీ బిగించండి. రాణిని అడ్డగించే జల్లెడను తప్పకుండా తీసివేయండి, లేకుంటే ముద్ద తేనె కోసం పైకి జరిగినప్పుడు రాణి కింద ఒంటరిగా మిగిలి చనిపోతుంది. జాలిపడి పెట్టెను ఇంట్లోకి తేవద్దు. నడి చలిలో నిల్వ తగ్గిందనిపిస్తే, గాలి లేని రోజు మూత క్షణంసేపు ఎత్తి, ముద్దకు పైన చట్రాల మీద కాగితం పరచి పొడి పంచదార పోసి, వెంటనే మూసివేయండి.