ట్యూబులర్ అడినోమా అంటే క్యాన్సరేనా?

పర్లాకిమిడి నుంచి ఒకరి ప్రశ్న: బరంపురంలో నాన్నగారికి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేసి 6 మి.మీ. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) ఒకటి తీశారు. బయాప్సీలో "ట్యూబులర్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా" అని వచ్చింది. క్యాన్సరా?

కాదండి. రిపోర్టు ఇంగ్లీషులో, డాక్టరు చెప్పేది ఒడియాలో అయ్యేసరికి మన టెన్షన్ రెట్టింపవుతుంది. అడినోమా అంటే వదిలేస్తే ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారే వీలున్న బుడిపె, అందుకే తీసేస్తారు. మైక్రోస్కోపులో గ్రంథులు గొట్టాల్లా ఉంటే ట్యూబులర్, చేతివేళ్లలా పొడుగ్గా సాగితే విల్లస్. భయం ఎక్కువ రెండోదాంతోనే. డిస్‌ప్లేసియా అంటే కణాల తీరు మారడం. 'లో' అంటే ఆ మార్పు తక్కువే.

విల్లస్, 'హై గ్రేడ్', 10 మి.మీ. లేదా అంతకు మించిన సైజు, వీటిలో ఏదున్నా మామూలుగా 3 ఏళ్లకే మళ్లీ చూస్తారు. మీవాళ్లకి ఆ తొందర ఉండకపోవచ్చు. పాలిప్ పూర్తిగా వచ్చిందా, పేగు శుభ్రంగా కనిపించిందా అని మాత్రం డాక్టర్ని అడగండి.