నాన్న వయసు 40 దాటితే పుట్టే పిల్లలకి జన్యు సమస్యలు వస్తాయా?

మీకు 42, మీ ఆవిడకి 31, ఇప్పుడు పిల్లల్ని కంటే ఏదో ఒక లోపంతో పుడతారని బంధువులు భయపెడుతున్నారని రాశారు. నేను 43లో తండ్రినయ్యానండి, ఇదంతా దాటొచ్చినవాణ్ణి. వాళ్ళది పూర్తిగా ఉత్తమాట కాదు గానీ ఆగిపోవాల్సినంత రిస్క్ అయితే లేదు.

ఆడవాళ్ళకి అండాలు పుట్టుకతోనే ఉంటాయి, మనకి మాత్రం వీర్యకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి కాబట్టి డీఎన్ఏ కాపీ అయిన ప్రతిసారీ ఎక్కడో ఒక అక్షరం తప్పు పడే ఛాన్స్ ఉంటుంది. 2012లో ఐస్‌లాండ్‌లో తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి జన్యువులూ పోల్చి చూస్తే తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు 2 కొత్త మార్పులు ఎక్కువ కనిపించాయి, అంటే 20 ఏళ్ళ తండ్రి నుంచి 25 వస్తే 40 ఏళ్ళ తండ్రి నుంచి 65 దాకా. వింటే గుండె జారుతుంది గానీ వీటిలో చాలావరకు ఏ హానీ చెయ్యవు.

నిజంగా తండ్రి వయసుతో ముడిపడినవి ఎకాండ్రోప్లేసియా అనే మరుగుజ్జుతనం, పుర్రె ఎముకలు ముందే అతుక్కుపోయే అపెర్ట్ సిండ్రోమ్ లాంటివి, చాలా అరుదు. ఆటిజం, స్కిజోఫ్రీనియా కూడా కాస్త పెరుగుతాయంటారు, అయితే వయసే కారణమా అన్నదాని మీద ఇంకా వాదనలున్నాయి. డౌన్ సిండ్రోమ్ ప్రధానంగా తల్లి వయసుని బట్టి.

మేం జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్తే ఆ మేడమ్ నా వయసు సంగతి తొందరగానే తేల్చేసి, తెల్లకాగితం మీద మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీస్తూ మూడు తరాల వంశవృక్షం వేశారు, మీది మేనరికమా, చిన్నప్పుడే పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అని గుచ్చిగుచ్చి అడిగారు, ఇద్దరికీ తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) టెస్ట్ రాశారు. మీది దగ్గర సంబంధమైతే మీ వయసు కంటే ముందు దాని గురించే అడగండి, మన దగ్గర అదే ఎక్కువ చూడాల్సిన విషయం.

ఇంకోటి, ఐదో నెలలో బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫా స్కాన్ నార్మల్ వచ్చింది కదా అని తర్వాత ఎదుగుదల చూసే గ్రోత్ స్కాన్ మానెయ్యకండి ప్లీజ్. ఎకాండ్రోప్లేసియాలో తొడ ఎముక కొలత అప్పటికి మామూలుగానే ఉండి ఆరు, ఏడు నెలలొచ్చాకే వెనకబడటం కనిపిస్తుంది. మా కేస్ షీట్‌లో తల్లి వయసుకే గడి ఉంది, తండ్రి వయసు ఎవరూ అడగలేదు, నేనే చెప్పి రాయించా. మీరూ మొదటి విజిట్‌లోనే చెప్పండి.